ఆల్బమ్‌లో అమ్మమ్మ ఏదీ?

పెళ్లయిన రెండు నెలలకి ఆల్బమ్ ఇంటికొస్తుంది. మూస్తే పద్దెనిమిది అంగుళాలు, తెరిస్తే ముప్పయ్యారు. కాసేపు ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కే బరువు. పొదిలిలో అలాంటి ఆల్బమ్ వచ్చిన ఇల్లొకటి అనుకోండి. మంచం మీద పరిచారు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. మొదటి పేజీలో మంచు కొండలు, వాటి ముందు పట్టుచీరలో పెళ్లికూతురు. రెండో పేజీలో తాజ్‌మహల్, పక్కన పెళ్లికొడుకు. పిల్లలు పకపకా నవ్వుతున్నారు. నాలుగో పేజీ దగ్గర పెళ్లికూతురి తల్లి చెయ్యి ఆగిపోయింది.

తలంబ్రాలయ్యాక తీసిన గ్రూపు ఫొటో అది. గుండ్రటి పూల చట్రంలో ముద్దుగా అమర్చారు. పెద్దమామ ఉన్నాడు, చిన్నత్త ఉంది, పెళ్లికొడుకు స్నేహితులు కూడా ఉన్నారు. ఎడమ చివర నిలబడ్డ అమ్మమ్మ మాత్రం లేదు. పూల చట్రం అంచున ఆవిడ చీర తాలూకు బూడిద రంగు పీలిక ఒకటి... అంతే!

ఆవిడ అంత చివర ఎందుకు నిలబడింది? భర్త పోయిన పెద్దావిడ. శుభకార్యంలో నలుగురి మధ్యకు రావడానికి జంకు. 'ముందుకు రామ్మా' అని నలుగురూ పిలిచినా రాలేదు. కెమెరా ఆమెను వదల్లేదు కానీ ఆల్బమ్ వదిలేసింది. ఆ ఫొటో తప్ప ఆ పెళ్లిలో ఆవిడ ఉన్న ఫొటో ఇంకోటి లేదు.

తల్లి ఆల్బమ్ చంకన పెట్టుకుని స్టూడియోకి వెళ్లింది. "ఏంది అబ్బాయ్, మా అమ్మని కోసేశావేంది?" అంది. ఆ కుర్రాడు కంప్యూటర్లో ఫైలు తెరిచి, మౌస్‌తో ఫొటోను కొంచెం కుడివైపుకు జరిపాడు. పూల చట్రం కదల్లేదు. దానిలోని ఫొటో మాత్రమే కదిలింది. చట్రం చాటునుంచి అమ్మమ్మ మెల్లగా బయటికొచ్చింది. "కొయ్యలేదక్కా, చాటున ఉంది" అన్నాడు.

ఆ చాటు పేరే క్లిప్పింగ్ మాస్క్. ఇప్పుడు పెళ్లి ఆల్బమ్‌లలో, పుట్టినరోజు ఫ్లెక్సీల్లో, షష్టిపూర్తి కొలాజ్‌లలో కనిపించే చట్రాలన్నీ ఎక్కువగా దీని పుణ్యమే.

మిరప బస్తాల మీద మార్కు ఎలా వేస్తారో ఈ ప్రాంతంలో చూడనివాళ్లుండరు. అక్షరాల ఆకారంలో కోసిన రేకును బస్తా మీద ఆనించి రంగు పూస్తారు. రేకులో కోత ఉన్నచోటే రంగు పడుతుంది, మిగతాది ఆగిపోతుంది. క్లిప్పింగ్ మాస్క్ పని కూడా అదే. ఒక లేయర్ మీద గుండ్రంగానో, గుండె ఆకారంలోనో, పలకలాగానో ఒక బొమ్మ గీస్తారు. దాని మీది లేయర్‌లో ఫొటో ఉంటుంది. రెండింటినీ 'క్లిప్' చేయగానే కింది బొమ్మ ఉన్న మేరకే పైఫొటో కనిపిస్తుంది. కింద ఏ రంగుందన్నది లెక్కలోకి రాదు. రంగు ఉందా, ఖాళీనా అన్నదే లెక్క. అంచులు మెత్తగా పలచబడితే ఫొటో కూడా అలాగే మెత్తగా మాయమవుతుంది.

రేకుకీ దీనికీ ఒకటే తేడా, అసలు గొప్పతనమంతా అందులోనే ఉంది. బస్తా మీద రంగు ఒకసారి పడితే పడ్డట్టే. ఇక్కడ అలా కాదు. ఫొటోలో కనిపించని భాగం చెరిగిపోలేదు, కేవలం కనిపించడం లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు జరుపుకోవచ్చు, చట్రం ఆకారాన్నే మార్చుకోవచ్చు, మాస్క్ తీసేస్తే ఫొటో మొత్తం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కత్తెరతో కోసిన ఫొటోకి ఈ అదృష్టం లేదు.

కత్తెర కాలం మరీ పాతది కూడా కాదు. బాపు తొలి చిత్రం 'సాక్షి' (1967)తో పోస్టర్ల పని మొదలుపెట్టిన ఈశ్వర్ తరం పబ్లిసిటీ ఆర్టిస్టుల బల్లల మీద బ్లేడు, జిగురు, కత్తిరించిన ఫొటోలు ఉండేవి. కథానాయకుడి తల ఒక స్టిల్‌లోంచి, కథానాయిక నవ్వు ఇంకో స్టిల్‌లోంచి వచ్చేది. బ్లేడు ఒక్క నూలు పక్కకు పోతే చెవి పోయినట్టే. ఊళ్లలోని స్టూడియోల్లో డార్క్‌రూమ్ మాయలు వేరే. అట్టముక్కను గుండె ఆకారంలో కోసి, ప్రింటు కాగితం మీద పడే వెలుతురుకు అడ్డం పెడితే, కొత్త దంపతులు గుండె మధ్యలో ప్రత్యక్షమయ్యేవాళ్లు. నల్లకోటు, రిబ్బన్ జడలతో ఆ ఫొటోలు ఇప్పటికీ కొన్ని ఇళ్ల గోడల మీద ఉన్నాయి.

మాస్క్ అన్న మాట తెలుగు సినిమావాళ్లకి అంతకంటే ముందే తెలుసు. 'రాముడు భీముడు' (1964)లో ఒకే ఎన్టీఆర్ ఇద్దరుగా కనిపిస్తే జనం విరగబడి చూశారు. ఆ రోజుల్లో ద్విపాత్రాభినయానికి వాడుకలో ఉన్న ఉపాయం మాస్క్ షాట్. కెమెరా కటకానికి సగం మూసి ఒక పాత్రను తీస్తారు. ఫిల్మ్‌ను వెనక్కి చుట్టి, రెండో సగం మూసి ఇంకో పాత్రను తీస్తారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. మధ్యగీత దాటి చెయ్యి చాపితే ఆ చెయ్యి గాల్లో కలిసిపోతుంది! అందుకే ఆ తరహా దృశ్యాల్లో అన్నదమ్ములు ఎవరి వైపు వారు బుద్ధిగా నిలబడేవాళ్లు.

ఇంకా వెనక్కి వెళితే ఇంగ్లండులో ఆస్కార్ రెజ్లాండర్ 1857లో ముప్పైకి పైగా నెగెటివ్‌లను కలిపి ఒకే పెద్ద చిత్రం చేశాడు. మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్‌సన్ అయిదు నెగెటివ్‌లతో ఒక చిత్రం చేశాడు. అందులో చావుకు దగ్గరైన అమ్మాయి, చుట్టూ కుటుంబం. అంత బాధను ఫొటో తీస్తారా అని చూసినవాళ్లు కొందరు నొచ్చుకున్నారు. తీరా చూస్తే అక్కడ ఉన్నవాళ్లంతా నటించినవాళ్లే. కలిపి కుట్టిన ఫొటోను నిజమనుకోవడం నిన్నామొన్నటి జబ్బు కాదన్నమాట.

కంప్యూటర్‌లో ఈ పనికి దారి వేసింది నోల్ సోదరులు థామస్, జాన్. వాళ్లు తయారుచేసిన ఫొటోషాప్‌ను అడోబీ సంస్థ 1990లో మార్కెట్‌లోకి తెచ్చింది. మొదట్లో అందులో లేయర్లు లేవు. ఒక బొమ్మ మీద ఇంకోటి అతికిస్తే రెండూ కలిసిపోయేవి, విడదీయడం కుదిరేది కాదు. 1994లో వచ్చిన మూడో వెర్షన్‌తో లేయర్లు వచ్చాయి. పొరమీద పొర పెట్టి, ఏ పొరకాపొర విడిగా కదపగలిగే వీలు కలిగింది. మన ఊళ్లకు ఆ సంగతి చేరింది డిజిటల్ కెమెరాలతోపాటే. చూస్తుండగానే అతికించే పాత ఆల్బమ్ పోయి 'కరిజ్మా ఆల్బమ్' వచ్చింది. ఒంగోలు, దర్శి, కనిగిరి, మార్కాపురం దారులు కలిసే పొదిలి లాంటి ఊళ్లో కెమెరాతోపాటు కంప్యూటరూ స్టూడియోకి పెట్టుబడి అయ్యింది. ఫొటో తీయడం ఒకరి పనైతే, షీట్లు కూర్చడం ఇంకొకరి పని. పొగాకు డబ్బు, మిర్చి డబ్బు చేతికొచ్చి ముహూర్తాలు మొదలైతే ఆ డిజైనర్‌కి రాత్రీ పగలూ ఒకటే.

ఆ హడావుడిలోనే అమ్మమ్మలు చాటుకు పోతారు. డిజైనర్ ప్రతి షీటునూ కొత్తగా గీయడు. పీఎస్‌డీ టెంప్లేట్లని ముందే తయారుచేసినవి ఉంటాయి. మంచు కొండలు, తాజ్‌మహల్ వచ్చేది అక్కడినుంచే. చట్రాలూ వాటిలో సిద్ధంగా ఉంటాయి. చట్రం గుండ్రం, గ్రూపు ఫొటో అడ్డం. అడ్డంగా ఉన్నదాన్ని గుండ్రటి దాంట్లో పెడితే పోయేది రెండు చివరలే. మధ్యలో ఎలాగూ పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఉంటారు. చివర్లలో ఉండేది ఎవరు? ఆలస్యంగా వచ్చినవాళ్లు, మొహమాటపడేవాళ్లు, చంటిబిడ్డను ఎత్తుకుని పక్కకు జరిగినవాళ్లు. డిజైనర్‌కి వాళ్లెవరో తెలియదు. తెలిసిన ఇంటివాళ్లను ఎవరూ అడగరు.

సరే, ఇంట్లో కంప్యూటర్ ఉండి, పిల్లలకు సరదా ఉంటే ఈ పని నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఫొటోషాప్ లేకపోతే ఫొటోపీ అనే సైట్ ఉంది. బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు. చూడటానికీ, వాడటానికీ దాదాపు ఫొటోషాప్ లాగే ఉంటుంది.

కరిజ్మా షీటు కొలత ముప్పయ్యారు అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల ఎత్తు. రిజల్యూషన్ 300 పెట్టి ఆ కొలతతో కొత్త ఫైలు తెరవాలి. కొత్త లేయర్ తీసుకుని చట్రం గీయాలి. ఫొటోను లాక్కొచ్చి పడేయకుండా ఫైల్ మెనూలోని 'ప్లేస్' ద్వారా తెస్తే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా వస్తుంది. అంటే చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసినా మసకబారదు. మామూలు లేయర్‌కి ఆ గ్యారంటీ లేదు. ఒకసారి కుదిస్తే పోయిన పిక్సెళ్లు పోయినట్టే. ఫొటో లేయర్ సరిగ్గా చట్రం లేయర్ పైనే ఉండాలి. లేయర్ల పట్టికలో ఆ రెండింటి మధ్య గీత మీద కర్సర్ పెట్టి, ఆల్ట్ కీ నొక్కిపట్టి క్లిక్ చేస్తే చాలు. ఫొటో లేయర్ కాస్త లోపలికి జరిగి, పక్కన కిందికి వంగిన బాణం గుర్తు వస్తుంది. కంట్రోల్, ఆల్ట్, జీ కీలు కలిపి నొక్కినా అదే జరుగుతుంది.

ఇక్కడినుంచి మూవ్ టూల్‌తో ఫొటోను చట్రంలో అటూ ఇటూ జరుపుకోవచ్చు. చట్రాన్నే జరపాలంటే రెండు లేయర్లనూ కలిపి ఎంచుకోవాలి. లేకపోతే చట్రం వెళ్లిపోయి ఫొటో అక్కడే ఉండిపోతుంది. కంట్రోల్, టీ నొక్కి పెద్దది, చిన్నది చేసేటప్పుడు ఒక జాగ్రత్త. పాత వెర్షన్లలో షిఫ్ట్ నొక్కకపోతే మనిషి సాగిపోయి లావైపోతాడు. 2019 వెర్షన్ నుంచి పద్ధతి తిరగబడింది, ఇప్పుడు షిఫ్ట్ నొక్కితేనే కొలత చెడుతుంది. రెండు వెర్షన్లూ వాడే డిజైనర్ల ఆల్బమ్‌లలో ఉన్నట్టుండి బావగారు బొద్దుగా కనిపిస్తే కారణం ఇదే!

క్లిప్ చేసే వీలు ఫొటోలకే కాదు. పెళ్లిలో ఇద్దరు కెమెరామన్లు ఉంటారు, ఒకరి ఫొటోలు తెల్లగా, ఒకరివి షామియానా లైట్ల కింద పచ్చగా వస్తాయి. అలాంటి ఫొటో మీద 'లెవెల్స్', 'కర్వ్స్' లాంటి సవరణ లేయర్ పెట్టి దాన్ని కూడా క్లిప్ చేస్తే, సవరణ ఆ ఒక్క ఫొటోకే పరిమితమవుతుంది. పక్కనున్న పెళ్లికూతురి మొహం తెల్లబోదు. నీడ, గీత లాంటి అలంకారాలు ఫొటోకి కాకుండా కింది చట్రం లేయర్‌కి పెడితే చట్రం చుట్టూ పద్ధతిగా పడతాయి.

ఇంట్లో షష్టిపూర్తికో, పెద్దవాళ్ల ఎనభయ్యో పుట్టినరోజుకో ఇంకో సరదా చేయొచ్చు. చట్రం బదులు పేరే రాయాలి. 'అమ్మమ్మ' అని లావుపాటి అక్షరాలతో రాసి, దాని మీద ఫొటోలు పెట్టి క్లిప్ చేస్తే అక్షరాల లోపల ఆవిడ జీవితమంతా కనిపిస్తుంది. ఒకే చట్రానికి ఎన్ని ఫొటోలైనా క్లిప్ చేయొచ్చు కాబట్టి ఒక్కో అక్షరం దగ్గర ఒక్కో కాలం పెట్టుకోవచ్చు. ఈ ఆటకి తెలుగు లిపి చక్కగా అమరుతుంది, మన అక్షరాలకు పొట్టలు ఎక్కువ మరి. చిక్కల్లా ఒత్తులతోనే. పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు రాస్తే మకారం కింది ఒత్తు విడిపోయి పక్కన పడుతుంది. అందుకే డీటీపీవాళ్లు అను ఫాంట్లనే పట్టుకు వేలాడారు. టైప్ ప్రిఫరెన్సుల్లో టెక్స్ట్ ఇంజిన్‌ను 'వరల్డ్ రెడీ'కి మార్చే వీలున్న వెర్షన్లలో ఆ బాధ తగ్గుతుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోతో మాత్రం పెద్ద చట్రం నింపాలని చూడకూడదు. మామూలుగా పంపితే దాని పొడవు 1600 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది. 300 రిజల్యూషన్ లెక్కన అది అయిదు అంగుళాల పైచిలుకుకే సరిపోతుంది. షీటు ఎత్తుకే 3600 పిక్సెళ్లు కావాలి.

మళ్లీ ఆ స్టూడియోకి వద్దాం. అక్కడ కుర్రాడు మౌస్‌తో జరపగానే అమ్మమ్మ వచ్చేసింది. కానీ ప్రతిసారీ రాదు. ఆ తల్లి వెళ్లింది రెండు నెలలకి కాబట్టి సరిపోయింది. రెండేళ్లకు వెళ్లి ఉంటే?

ఒక షీటులో 10800 అడ్డం, 3600 నిలువు పిక్సెళ్లు. అంటే మొత్తం 3 కోట్ల 88 లక్షల 80 వేలు. ఒక్క పొరకే 110 ఎంబీకి పైన లెక్క తేలుతుంది. దాని మీద ఏడెనిమిది ఫొటోలు, పువ్వులు, నీడలు పేర్చితే పీఎస్‌డీ ఫైలు అయిదారొందల ఎంబీకి సులువుగా చేరుతుంది. నలభై షీట్ల ఆల్బమ్ అంటే ఇరవై జీబీ పైమాటే. సీజన్‌లో ఇన్ని పెళ్లిళ్లు చేస్తే ఏ హార్డ్‌డిస్క్ తట్టుకుంటుంది? ల్యాబ్‌కి పంపేది జేపీజీయే. అది ఒక్కో షీటుకి ఇరవై ముప్పై ఎంబీ ఉంటే ఎక్కువ. ఆల్బమ్ ఇచ్చేసి డబ్బు ముట్టాక పీఎస్‌డీలు చెరిపేసే స్టూడియోలు తక్కువేం కాదు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు, దాచిపెట్టమని ఎవరూ చెప్పలేదు, డబ్బూ ఇవ్వలేదు.

కానీ జేపీజీకి లేయర్లుండవు. అందులోకి మార్చిన క్షణానే చాటున ఉన్నది నిజంగా కోతకు గురవుతుంది. అంతవరకు రేకు వెనక దాక్కున్న అమ్మమ్మ అప్పుడు పోతుంది. షీటు పనయ్యాక లేయర్లన్నీ కలిపేసి అదే ఫైలు మీద సేవ్ చేసినా అంతే. కెమెరా కార్డులోని అసలు ఫొటో కూడా చెరిగిపోయి ఉంటే ఇక ఆవిడను ఎవరూ తేలేరు.

ఇంకో కోత కూడా ఉంది. ల్యాబ్‌లో ప్రింటు వేశాక అంచులు కత్తిరిస్తారు. మొహం అంచుకు అర అంగుళం దగ్గర ఉంటే సగం చెంప పోవచ్చు. షీటు మడిచేచోట, అంటే సరిగ్గా పద్దెనిమిదో అంగుళం దగ్గర మొహం పడితే ఆల్బమ్ తెరిచినప్పుడల్లా ముక్కు మడతలో పడుతుంది. చివర నిలబడ్డవాళ్లని చట్రంలోకి తెచ్చినంత మాత్రాన సరిపోదు, కాస్త లోపలికి తేవాలి.

అందుకే అడ్వాన్సు ఇచ్చే రోజే రెండు మాటలు అడగడం మేలు. ఫొటోలు తీసినవి తీసినట్టు, ఏరకుండా, మొత్తం ఒక హార్డ్‌డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో కావాలని ఒకటి. ప్రింటుకు పంపే ముందు షీట్లు కంప్యూటర్ మీద చూపించాలని రెండోది. పీఎస్‌డీలు కూడా ఇమ్మంటే కొందరు ఇస్తారు, కొందరు తమ డిజైన్ అని ఇవ్వరు. అసలు ఫొటోలు చేతిలో ఉంటే అవి లేకపోయినా ఫరవాలేదు, చట్రం ఎవరైనా మళ్లీ గీస్తారు. షీట్లు చూసేటప్పుడు పెళ్లికూతురి నగలు, పెళ్లికొడుకు నవ్వు చూడటానికి చాలామంది ఉంటారు. గ్రూపు ఫొటోల చివర్లు చూడటానికి ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఎవరు ఎవరో వాళ్లకే తెలుస్తుంది.

పొదిలి స్టూడియోలో కుర్రాడు నాలుగో షీటు సరిచేశాడు. ఫొటో కుడికి జరగడంతో ఆ చివర ఉన్న పెళ్లికొడుకు స్నేహితుడు ఒకడు చట్రం చాటుకు పోయాడు. "ఇతనో అక్కా?" అని అడిగాడు. తల్లి కాసేపు ఆలోచించింది. "ఎవరి బిడ్డో... అతన్ని కూడా ఉండనీ. ఆ పూలే కాస్త తగ్గించు" అంది. కుర్రాడు గుండ్రటి చట్రాన్ని చెరిపేసి, అడ్డంగా పొడుగాటి పలక గీసి, ఫొటోను దానికి క్లిప్ చేశాడు.

ఈసారి అందరూ పట్టారు. అమ్మమ్మ ఎడమ చెయ్యి మాత్రం ఇంకా కనిపించలేదు. అది మాస్క్ చాటున లేదు. ఫొటో తీసినప్పుడే ఆవిడ దాన్ని కొంగు కింద దాచుకుంది.